చెంప కింద చెయ్యి

మా అన్నయ్య చచ్చిపోయే తీరు బాగోలేదని లోకం తేల్చేసింది. ఒకరూ ఇద్దరూ కాదు, ఊరూ పేరూ తెలియని జనం బోలెడుమంది, ఎవరి మంచాల మీద వాళ్ళు పడుకుని, ఎవరి ఫోన్లలో వాళ్ళు, ఆయన చావు మీద తలా ఒక మాట రాసిపెట్టారు. రాయడానికి బద్ధకించినవాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. నేను చెబుతున్నది సినిమాలో చావు గురించి. అసలు చావు వేరే ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

హిందీ సినిమా, పేరు ఎందుకులెండి. సైన్యం, సరిహద్దు, తుపాకులు, నాయకుడి కండలు, అంతే కథ. తక్కువ డబ్బుతో తీసిన రెండో భాగం. మొదటి భాగం ఎవరు చూశారో, చూసి ఇంకోటి కావాలని ఎవరు కాళ్ళు పట్టుకున్నారో నాకు తెలియదు. ఈ రెండోది సినిమా హాలు గడప తొక్కకుండా తిన్నగా ఫోన్లోకి వచ్చిపడింది. ఖరగ్‌పూర్ పక్కన సాలువాలో పోలీసు క్యాంపు దాటాక ఎర్రమట్టి నేల ఉంటుంది, అక్కడ నాలుగు పాకలు వేసి సరిహద్దు ఊరు అన్నారట. ఆ ఊళ్ళో కాల్చి చంపడానికి ముసలాళ్ళు కావాల్సి వచ్చారు. బొంబాయి నుంచి ముసలాళ్ళని తెచ్చుకుంటే ఖర్చు. ఖరగ్‌పూర్ నిండా రైల్వేలో రిటైరైన తెలుగు నాటకాల వాళ్ళు ఖాళీగా కూర్చుని ఉండగా వేరే చోట వెతకడమెందుకని, మలంచా పేటలో మా అన్నయ్య ఇంటికి మనిషిని పంపారు. ఆ రోజు అన్నయ్య విశాఖపట్నానికి, నాకు ఫోన్ చేశాడు. "వరం! రేపు నన్ను కాల్చేస్తారే!" అన్నాడు. పెళ్ళి కుదిరినవాడి గొంతు అది. "మాటల్లేవు. ఉత్తినే సావడమే. కాని సావడంలో మనల్ని మించినోడు ఎవుడున్నాడే?"

ఆ సినిమా బయటికి వచ్చేనాటికి అన్నయ్య లేడు. సంవత్సరీకానికి నేను ఖరగ్‌పూర్ వెళ్ళాను. బ్రాహ్మణుడు వెళ్ళిపోయి, చుట్టాలు ఎవరి రైలుకి వాళ్ళు సర్దుకున్నాక, వదిన కొంగున చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఫోను నా ఒళ్ళో పెట్టింది. మా వదిన నాలుగు భాషలు మాట్లాడుతుంది. బజారులో బెంగాలీ, ఆస్పత్రిలో హిందీ, పనిమనిషితో ఒడియా, దేవుడితో తెలుగు. చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు.

"సినిమా కింద జనం రాసినవి సదవమని కోడలికి ఇచ్చినాను, సదవదు వరం. అడిగితే 'అందరూ బాగుందనే రాసినారత్తా' అంటాది. బాగుందని రాస్తే ఆ మొకం అలగెందుకు పెడతాది? నువ్వు బడిపంతులమ్మవి. ఉన్నదున్నట్టు సెప్తావు."

"ఏం చెప్పాలి వదినా?"

"సినిమాలో మీయన్న సచ్చినట్టు పడినారు గదా. సూసినోళ్ళకి అది నిజంగా సచ్చినట్టు ఉందా, నేదా? అదొక్కటే నాకు గావాల."

ఎందుకో నాకు అర్థం కాలేదు. ఫోన్లో అన్నయ్య బతికే ఉన్నాడు, సంతోషంగా చూసుకోక ఎవరెవరో ఏమనుకుంటే నీకేమిటి అన్నాను. అప్పుడు చెప్పింది, అంతవరకూ కొడుక్కి కూడా చెప్పని మాట. అన్నయ్య రిహార్సల్లో పోయాడని మాకందరికీ తెలుసు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ అమ్మవారి పండగ, మాత పూజ సంబరానికి నాటకం కట్టారు. ముందుగదిలో హార్మోనియం పెట్టుకుని కూర్చున్నారు. అన్నయ్య యుద్ధంలో పడిపోయే రాజు వేషం. పద్యం అయింది, పడ్డాడు, మరి లేవలేదు. మాకు తెలిసింది అంతే.

"పద్యం అయిపోనాది. పడినారు. అప్పలస్వామి బావా ఆళ్ళూ 'వన్స్ మోర్, వన్స్ మోర్' అని అరుస్తున్నారు. నాను టీ అట్టుకొచ్చినాను. నేల మీద ఉన్నారు, సెయ్యి సెంప కింద పెట్టుకుని. 'లెగండి, టీ సల్లారిపోతాది' అన్నాను. లెగనేదు. నవ్వు దాసుకుంటున్నారు అనుకున్నాను వరం. సెయ్యి సెంప కింద పెట్టుకున్నోడు సచ్చిపోనాడని ఎవులనుకుంటారు? గ్లాసు తలకాడ పెట్టీసి, పొయ్యి మీద పప్పు అడుగంటుతాదని లోపలికి ఎళ్ళిపోనాను. మళ్ళీ ఒచ్చి సూసేసరికి టీ మీద మీగడ కట్టీసింది."

అప్పుడు అర్థమైంది నాకు ఆవిడ ఏం అడుగుతోందో. సినిమాలో అన్నయ్య పడిపోతే చూసినవాళ్ళు నిజమని నమ్మి ఉంటే, తను మోసపోవడంలో తప్పు లేదు. అంత బాగా చావగలిగినవాడి చావుని ఏ పెళ్ళాం మాత్రం పోల్చుకుంటుంది? అలాకాక, ఇది దొంగ చావని ఊరందరికీ తెలిసిపోతూ ఉంటే, అన్నాళ్ళు కాపురం చేసిన తనకి దొంగదేదో నిజమేదో తెలియాలి కదా. తెలియక గ్లాసు తలకాడ పెట్టి వెళ్ళిపోయింది కదా. ఆవిడ ఏడాదిగా ఆ తక్కెడలో కూర్చుని ఉంది. రాళ్ళు మాత్రం ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

రేపు పొద్దున్న చదువుతానులే అని ఫోను తీసుకున్నాను. ఆ సాయంత్రం ఒక్కదాన్నే మలంచా రోడ్డు మీద, ఆటోలు ఒరుసుకుపోతుంటే పక్కకి తప్పుకుంటూ నడిచాను. ఎదురుగా వచ్చేది మలంచా రోడ్డే గాని, నేను నడుస్తున్నది మేము పెరిగిన నింపురా రైల్వే క్వార్టర్స్ వెనక సందులో. ఆ చెంప కింద చెయ్యి అక్కడిది. అది మా నాన్న పెట్టిన చెయ్యి.

మా నాన్నది రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని. సైరన్ కూశాక సైకిళ్ళ గుంపు వచ్చేది, ఆ గుంపులో ఏ సైకిలు మాదో చప్పుడుని బట్టి అమ్మకి తెలిసేది. నాన్న ఒంటి నిండా కాలిన ఇనుము వాసన. పంపు దగ్గర రంపంపొట్టూ సబ్బూ కలిపి మోచేతుల దాకా రుద్దుకున్నా ఆ వాసన పోయేది కాదు, కంచంలో అన్నానికి కూడా పట్టేది. అమ్మ ఎండు నెత్తళ్ళు వేపితే పక్కింటి బెంగాలీ పిన్ని, మాషీమా, కిటికీ తలుపులు ధడాలున వేసేసేది. ఆవిడ ఆవనూనె కాగబెడితే మా అమ్మ వేసేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని ఒకరి జడ ఒకరు దువ్వుకునేవారు. మా ఇంట్లో రెండు గదులు. సంబరం దగ్గర పడితే అందులో ఒకటి మాది కాదు, నాటకానిది. హార్మోనియం, చెక్క కత్తులు, అట్ట కిరీటాలు, బీడీ పొగ. అమ్మకి నాటకం గదిలోకి వచ్చే వీలు లేదు గానీ, విని విని పద్యాలన్నీ నోటికి వచ్చేసేవి. లోపల రాజుగారు మాట మరిచిపోతే వంటింట్లోంచి పోపు చిటపటలతో పాటు ఆ ముక్క వచ్చేది. రాజుగారు అందుకుని, ఏమీ జరగనట్టు మీసం దువ్వేవాడు.

స్టేజీ అంటే ఈనాటి స్టేజీలు ఊహించుకోకండి. పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు పేర్చి, మీద జంపఖానా పరిచేవారు. ఆ చెక్కల్లో ఎక్కడో ఒకచోట పాత మేకు తల పొడుచుకుని ఉండేది. ఒకసారి యుద్ధంలో చనిపోయిన సేనాధిపతికి నిజంగానే కణత చిట్లింది. అప్పటి నుంచి నాన్న తన మనుషులకి పడడం నేర్పేవాడు. పద్యం ఎవడైనా నేర్పుతాడు, పడడం నేను నేర్పుతాను అనేవాడు. అన్నయ్యకి మీసాలు మొలుస్తున్న ఏడు, యుద్ధంలో పడిపోయే రాజకుమారుడి వేషం ఇచ్చారు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగి, వాణ్ణి వరండాలో నిలబెట్టేవాడు.

"మోకాలు. సెయ్యి. సేత్తో నేల ఎతుక్కో, మేకు ఉందేమో సూసుకో. బుజం. ఆఖర్న సెంప. ఒరే, సెంప నేలకి తగలకూడదురా! సెయ్యి పెట్టు సెంప కింద! నీ తల మీయమ్మది, కంపెనీది కాదు."

రోజూ సాయంత్రం వాడు చచ్చేవాడు. మోచేతులు దోక్కుపోయి అమ్మ పసుపూ కొబ్బరినూనే రాసేది. నేను చిన్నదాన్ని, ఆడపిల్లని, నాకు ఏ వేషమూ లేదు. అయినా వాడి వెనకాల నిలబడి వాడితో పాటు పడేదాన్ని. మోకాలు, చెయ్యి, భుజం, చెంప. ఎముకలు లేతగా ఉన్నప్పుడు నేర్చినది ఎముకల్లోనే ఉండిపోతుంది కాబోలు. మొన్నామధ్య విశాఖలో స్నానాల గదిలో కాలు జారింది. తెలివి వచ్చి చూసుకుంటే నా చెయ్యి చెంప కింద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు.

ఆ ఏడు సంబరంలో అన్నయ్య మొదటిసారి అందరి ముందూ చచ్చాడు. రోజూ వరండాలో వాడు పడడం చూస్తున్న అమ్మ, పక్కనే కూర్చుని పద్యం పెదాలతో కలుపుతున్న అమ్మ, వాడు నిజం స్టేజీ మీద పడేసరికి "ఓలమ్మా" అని లేచి నిలబడిపోయింది. అప్పుడు వెనక నుంచి మా సందు కుర్రాడు అప్పలస్వామి కేకేశాడు, వన్స్ మోర్ అని. తెలుగు నాటకాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. జనం వన్స్ మోర్ అంటే చచ్చిన రాజైనా లేవాల్సిందే, పద్యం మళ్ళీ ఎత్తుకోవాల్సిందే, మళ్ళీ చావాల్సిందే. అన్నయ్య లేచాడు, పాడాడు, మళ్ళీ పడ్డాడు. ఈసారి వన్స్ మోర్ అని అరిచింది మా అమ్మ. ఆడవాళ్ళలోంచి ఒక్క గొంతు. జనం గొల్లుమన్నారు. ఇంటికొచ్చాక నాన్న కసురుకున్నాడు, కొడుకు పద్యం మీద అంత మోజైతే ఇంట్లో పాడించుకో అని. అమ్మ పొయ్యి వెలిగిస్తూ, "పజ్జెం కోసం అన్నానా నాను? ఆడు అలగ పడుంటే నానింటికి ఎలగొస్తాను?" అంది.

మర్నాడు పొద్దున్న ఇంకొక తంతు ఉండేది. ఇది మా సందులో తప్ప ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. వేషం కట్టినవాడు మొహం కడుక్కుని, మెడ మీద రంగు ఇంకా అక్కడక్కడ ఉండగానే, వరండాలో కూర్చోవాలి. పంపుకి నీళ్ళకి వెళ్ళేవాళ్ళు, డ్యూటీకి వెళ్ళేవాళ్ళు, దిగి వచ్చేవాళ్ళు, అందరూ ఆగి తమకేమనిపించిందో చెప్పి వెళ్ళాలి. కూర్చున్నవాడు ఎదురు చెప్పకూడదు. ఔనండీ అనాలి, లేదా ఊరుకోవాలి. "ఆడినోడు కూసోవాల, సూసినోడు మొకం మీద సెప్పాల" అనేది నాన్న పెట్టిన చట్టం. ఆ పొద్దున్న అన్నయ్య బిగుసుకుని కూర్చున్నాడు. పక్కింటి రైలు గార్డు దాదా సైకిలు దిగి, "ఖోకా, మొరాటా ఖూబ్ భాలో! కింతు గాన్ బడో లొంబా" అన్నాడు. చావు చాలా బాగుందట, పాటే మరీ పొడుగైపోయిందట. కమ్మరి షాపు పెద్దమేస్త్రీ మాత్రం నిలువునా కడిగేశాడు. "బాణం గుండెకి తగిల్తే పొట్ట అట్టుకున్నావేట్రా? నిన్న మీయమ్మ పెట్టిన పప్పు అరగనేదా?" అన్నాడు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. తలుపు వెనక నాన్న, నాన్న వెనక నేను. ఎదురు చెబుతాడేమోనని నాన్న పిడికిలి బిగించి ఉన్నాడు. అన్నయ్య "ఔనండీ" అన్నాడు. పెద్దమేస్త్రీ వెళ్ళబోతూ వాడి మోచేతులు చూశాడు. సాయంత్రం డ్యూటీ దిగాక తిన్నగా మా ఇంటికి వచ్చి, కాగితంలో చుట్టిన మందు ముద్ద అమ్మకి ఇచ్చి వెళ్ళాడు. ఆ రోజుల్లో మాట అన్నవాడికి మోచేతులు కనిపించేవి. నాకు ఈ తేడా ఒక్కటే తెలుసు, దీని మీద పుస్తకాలు రాసే తెలివి నాకు లేదు.

మలంచా ఇంటికి తిరిగి వచ్చి, వదిన దేవుడి గదిలో ఉండగా, ఫోను తెరిచాను. ముందు సినిమా చూశాను. నాయకుడూ శత్రువులూ ఒకే రకం బూట్లు వేసుకున్నారు. హెలికాప్టరు ఒక్కటే, అదే అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి వెళ్ళింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. తరువాత అన్నయ్య వచ్చాడు. తలపాగా చుట్టుకుని పాక ముందు నిలబడ్డాడు. తుపాకి పేలింది. మోకాలు. చెయ్యి. ఆ ఎర్రమట్టిలో స్లీపర్లు ఎక్కడివి, మేకులు ఎక్కడివి? అయినా చేత్తో నేల వెతుక్కున్నాడు. భుజం. చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తరువాత, ఏ సైనికుడూ ఏ దర్శకుడూ చెప్పకుండా, మోచేతి మీద లేచి, ఆకాశం వైపు చెయ్యి చాచి, మళ్ళీ పడ్డాడు. దాని సంగతి అన్నయ్య ఫోన్లో చెప్పి పడీపడీ నవ్వాడు. పక్కన శవాల్లో పడుకుని ఉన్న అప్పలస్వామి అలవాటు కొద్దీ వన్స్ మోర్ అనేశాట్ట, అలవాటు కొద్దీ అన్నయ్య లేచిపోయాట్ట. పొద్దు వాలిపోతోందని, మళ్ళీ తీసే వీలు లేదని, వాళ్ళు అలాగే ఉంచేశారట.

ఇక అభిప్రాయాలు. మొదటి భాగమే నయం అని ఒకరు. తుపాకులు దీపావళి టపాకాయల్లా ఉన్నాయని ఒకరు. అంతవరకూ నాకేమీ పట్టలేదు. కిందికి వెళ్ళేకొద్దీ అన్నయ్య తప్ప మరొకరు లేరు. 'తాత తుపాకి గుండు తిని మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు.' 'చచ్చేవాడు నేల మీద ఏం వెతుకుతున్నాడు, కళ్ళజోడా?' 'రెండో భాగం కదా, అందుకే రెండుసార్లు చచ్చాడు.' 'ఈ ముసలాణ్ణి చూసి నవ్వలేక నా పొట్ట పోయింది, వీడికి ఎవరు డబ్బులిచ్చారు?' వాటన్నిటి మధ్య ఒకాయన నవ్వకుండా రాశాడు. తాను సైన్యంలో పనిచేశాడట. చావు దగ్గర్నుంచి చూశాడట. గుండు తగిలిన మనిషి చెంప కింద చెయ్యి పెట్టుకోడని, అది బతికున్నవాడి పని అని, తెలియకపోతే ఇలాంటివి తీయవద్దని. నాకు నవ్వినవాళ్ళ మీద కోపం వచ్చింది, ఈయనంటే భయం వేసింది. కోడలు ఎందుకు మొహం అలా పెట్టిందో తెలిసింది. నిజమని నమ్మిన మనిషి ఒక్కడైనా ఉంటాడేమోనని అట్టడుగు దాకా వెతికాను. ఒక్కడంటే ఒక్కడు లేడు.

పొద్దున్న వదిన నీళ్ళు పోసుకుని, కాఫీపొడి రంగు చీర కట్టుకుని వచ్చి కూర్చుంది, గుడికి వచ్చినట్టు. నేను బూట్ల సంగతి చదివాను. హెలికాప్టరు సంగతి చదివాను. నవ్వింది. "మీయన్న గురించి?" అంది. నేను ఫోను కొంచెం నావైపు తిప్పుకున్నాను. "ఈ పెద్దాయన పడిపోగానే గుండె ఆగినంత పని అయిందని రాశారు వదినా. నిజంగానే పోయాడేమో అనుకున్నామని రాశారు" అన్నాను. నలభై ఏళ్ళు పిల్లలకి ఎక్కాలూ పద్యాలూ చెప్పిన గొంతు, ఎక్కడా వణకలేదు. ఇంకో రెండు కూడా అల్లి చెప్పాను. వదిన నా మొహం వైపే చూస్తోంది.

"సదివినప్పుడు కళ్ళు కదులుతాయి వరం. ఇందాకటి బూట్ల కాడ కదిలినాయి. ఇప్పుడు కదలనేదు."

నేను ఫోను ఒళ్ళోకి దించాను. వదిన లేచి, ముందుగదిలోంచి అన్నయ్య కుర్చీ వరండాలోకి ఈడ్చుకెళ్ళింది. రోడ్డు మీద జనం పోతూనే ఉన్నారు. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మీ నాన్న మీయన్నని కూసోబెట్టినారంట గదా. పెళ్ళైన కొత్తలో ఎన్నిమాట్లు సెప్పినారో. ఇప్పుడాయన నేరు. నానున్నాను. కూసున్నాను. ఉన్నదున్నట్టు సదువు."

చదివాను. కునుకు తీస్తున్నాడన్నది చదివాను. కళ్ళజోడు చదివాను. రెండుసార్లు చచ్చాడన్నది చదివాను. ప్రతిదానికీ "ఔను" అంది, నెమ్మదిగా, ఎవరో ఎదురుగా నిలబడి చెబుతున్నట్టు. సైన్యంలో ఆయన రాసింది మాత్రం చదవలేక ఆగాను. "ఇంకోటి ఉంది" అంది, నా కళ్ళే చూస్తూ. అదీ చదివేశాను. చెంప కింద చెయ్యి బతికున్నవాడి పని అన్న ముక్కతో సహా. వదిన ఔను అనలేదు.

గేటు దగ్గర కూరగాయల బండి ఆగి, ఎవరూ రాకపోతే వెళ్ళిపోయింది. వదిన ఫోను వైపు వేలు చూపించి, "దాని కింద మనం రాయొచ్చా?" అంది.

"రాయొచ్చు వదినా."

"అయితే రాయి. ఆళ్ళకి తెలిసిన బాసలోనే రాయి. 'ఇందులో సచ్చిపోనాయన నా పెనివిటి. మీరు నవ్వినారు, నవ్వండి, మీరు సూసినోళ్ళు. సైన్యంలో సేసినాయన ఇనుకోవాల. సెంప కింద సెయ్యి పెట్టుకుని మనిషి నిజంగా సచ్చిపోతాడు. నాను ఆ పక్కనే ఉన్నాను. నాకూ తెలవనేదు.' అంతే. ఇంకేటీ రాయకు."

జీవితమంతా తెలుగు చెప్పుకున్నదాన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ కూడబలుక్కుంటూ, ఒక్కొక్క అక్షరం వేలితో పొడుస్తూ రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. ఈసారి నా కళ్ళు చూడలేదు, రోడ్డు చూస్తూ కూర్చుంది. పంపమంటే పంపాను. అది వెళ్ళి ఆ నవ్వు బొమ్మల కింద కూర్చుంది. దాన్ని ఎవరు చదువుతారో, చదివి ఎలాంటి బొమ్మ పెడతారో నాకు తెలియదు. తెలుసుకోకూడదని ఫోను బోర్లా పెట్టేశాను. మనుషుల మీద ఇంత అపనమ్మకం నాకు ముందు లేదు.

వదిన లేచి లోపలికి వెళ్ళింది. అల్లం దంచిన చప్పుడు, పాలు పొంగిన వాసన. గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. లోపల కుక్కరు కూస్తోంది. వెళ్ళి స్టవ్ కట్టేస్తుందనుకున్నాను. వెళ్ళలేదు. కుక్కరు మళ్ళీ కూసింది. వదిన నా ఎదురుగా నేల మీద చతికిలబడి, గ్లాసు వైపూ నా వైపూ చూస్తూ కూర్చుంది.

"పప్పు మాడిపోతుందేమో వదినా" అన్నాను.

"మాడనీ. నువ్వు తాగు. నువ్వు తాగినదాకా నానెక్కడికీ ఎళ్ళను" అంది.

నాలుక కాలుతున్నా ఆగకుండా తాగేశాను.